ఎనిమిది ట్యాబులతో ఇస్నాపూర్, సుల్తాన్‌పూర్: ఐదో మెట్టు దగ్గర ఆగిపోయిన రోజు

ఇంతవరకు ఈ బ్లాగులో కొండలు, కోటలు, జలపాతాల గురించి రాశాను. బస్సు ఎక్కడ ఎక్కాలి, భోజనం ఎక్కడ బాగుంటుంది అని మీరు అడిగేవాళ్ళు, నేను చెప్పేదాన్ని. ఈసారి రాస్తున్నది ఒక పారిశ్రామికవాడ ప్రయాణం. అమీన్‌పూర్‌లో మా అపార్ట్‌మెంటూ, సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కూ ఒకే మండలంలో ఉన్నాయి. తిన్నగా బండి మీద వెళ్తే అరగంట చాలు. నేను మొన్న మంగళవారం పొద్దున ఏడున్నరకు ఇంట్లో బయలుదేరి అక్కడికి మధ్యాహ్నం రెండున్నరకు చేరాను. నా తెలివి మీద మీకు అనుమానం వస్తే తప్పు పట్టను, రోజు గడిచేసరికి నాకూ వచ్చింది.

దీనంతటికీ కారణం ఒక ఆట. ఇంట్లో కూర్చుని పిల్లల డిజిటల్ ఆటలకు తెలుగు మాటలు రాయడం నా పని. మా నాన్నగారు తెనాలి నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డారు. ఆయన దృష్టిలో ఉద్యోగం అంటే టిఫిన్ డబ్బా పట్టుకుని షిఫ్టు బస్సు ఎక్కడం, అందుకని నా పనిని ఇప్పటికీ "ఆ టైపింగు" అంటారు. ఈ ఏడాది నేను టైపు చేసిన ఆట పేరు 'తెల్లకోటు'. తొమ్మిది, పది తరగతుల పిల్లలు ట్యాబు మీద ఆడాలి. ల్యాబ్ టెక్నీషియన్, నర్సు, ఫిజియోథెరపిస్టు, వైద్య పరికరాలు తయారుచేసే కార్మికురాలు, ఇలా ఒక్కో పనిని ఆడుతూ రుచి చూడాలి. డాక్టరు, ఇంజినీరు తప్ప మూడో ఉద్యోగం పేరు వినపడని ఇళ్ళలోకి ఈ పనులు వెళ్ళాలని మా ఆశ. మొదటి తెర మీద వినికిడి యంత్రం పెట్టుకున్న ఒక అమ్మాయి, చక్రాల కుర్చీలో ఒక అబ్బాయి నవ్వుతూ ఉంటారు. వాళ్ళ కింద పెద్ద అక్షరాలతో 'ఇది అందరి ఆట' అని ఉంటుంది. ఆ ముక్క రాసింది నేనే. రాసిన రోజు ఎంత పొంగిపోయానో కూడా గుర్తుంది.

సుల్తాన్‌పూర్‌లో సెలైన్ గొట్టాలు తయారుచేసే ఒక కంపెనీ, ఇస్నాపూర్ పక్కనున్న ప్రభుత్వ ఉన్నత పాఠశాల నుంచి పన్నెండు మంది పిల్లల్ని శనివారం లోపలికి రానిచ్చి పని చూపిస్తామంది. ఆ పన్నెండు మందికే వేసవిలో నెల రోజుల శిక్షణ కూడా ఇస్తారు. ఆటలో ఎక్కువ స్కోరు వచ్చిన పన్నెండు మందిని పంపాలని మా ఆఫీసు వాళ్ళు తేల్చారు. ట్యాబులు బడికి మోసుకెళ్ళి ఆడించడం, అటునుంచి సుల్తాన్‌పూర్ వెళ్ళి అనుమతి కాగితం మీద సంతకం తీసుకోవడం మా సమన్వయకర్త ప్రవీణ్ పని. ముందురోజు ఫోన్ చేసి, "రేపు నాకు మీటింగ్ ఉంది మేడమ్, మీకు దగ్గరే కదా," అన్నాడు. మాదాపూర్‌లో ఏసీ గదిలో కూర్చున్నవాళ్ళకు లింగంపల్లి దాటాక ఉన్న ఊళ్ళన్నీ ఒకదానికొకటి దగ్గరే. నోటికొచ్చిన మాట మింగి, సరేనన్నాను.

అమీన్‌పూర్ నుంచి షేర్ ఆటోలో బీరంగూడ కమాన్ దాకా ఇరవై రూపాయలు. అక్కడ హైవే మీద సంగారెడ్డి వైపు వెళ్ళే ఆర్టీసీ బస్సు ఏదైనా ఇస్నాపూర్‌లో ఆగుతుంది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ లేదు, కాకపోతే నా ఆధార్ ఇంట్లో టీవీ పక్కన ఉంది. డబ్బులిచ్చి టికెట్ కొన్నాను. ట్యాబుల సంచీని సీటు మీద పెట్టానని కండక్టరమ్మ కోప్పడితే ఒళ్ళో పెట్టుకున్నాను. పటాన్‌చెరు దగ్గర కంపెనీ బస్సులు, లారీలు, ట్యాంకర్లు, స్కూలు వ్యాన్లు ఒకే వరసలోకి దూరాలని చూస్తుంటే ముప్పావుగంట కదలలేదు. పొద్దున్న ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర మధ్య ఈ దారిన వెళ్ళాలనుకుంటే పుస్తకం తెచ్చుకోండి. నా దగ్గర పుస్తకం లేదు, పక్కసీటాయన ఫోన్లో పెద్దగా పెట్టుకున్న భూమి తగాదా మొత్తం విన్నాను.

ఇస్నాపూర్ చౌరస్తాలో దిగేసరికి తొమ్మిదిన్నర. గదుల్లో కిరాయికి ఉండే కార్మికుల కోసం ఇక్కడ తెల్లవారుజామునే బండ్లు తెరుస్తారు కాబట్టి టిఫిన్‌కు లోటుండదు. నాలుగు ఇడ్లీలు ముప్పై రూపాయలు, అల్లం చట్నీ నిజంగా బాగుంది. బండి దగ్గరావిడ నా సంచీలోకి తొంగిచూసి, "ట్యాబులు అమ్ముతున్నవా అక్కా? కిస్తీల మీద ఇస్తవా?" అంది.

"అమ్మడానికి కాదమ్మా, బడి పిల్లలు ఆట ఆడుకోవడానికి."

"ఆటలకా? ఇంట్ల ఫోన్ గుంజుకుని సదువుకో సదువుకో అని మేము మొత్తుకుంటుంటె, మీరు బడికి తీస్కపోయి ఆడిపిస్తరా!" అని పక్కనున్నవాళ్ళు వినేలా నవ్వింది. వివరించాలనుకున్నాను గాని, ఇడ్లీ చల్లారుతుందని ఊరుకున్నాను.

చౌరస్తా నుంచి బడి ఒకటిన్నర కిలోమీటరు. యాదగిరి అనే పెద్దాయన ఆటోలో యాభై రూపాయలకు వెళ్ళాను. తర్వాత సుల్తాన్‌పూర్ వెళ్ళాలంటే మళ్ళీ ఆటో వెతుక్కోనక్కర్లేకుండా, ఆయన్నే రోజంతా ఐదు వందలకు మాట్లాడుకున్నాను. ఆ రోజు నేను చేసిన మంచి పని అదొక్కటే.

బడిలో సైన్సు చెప్పే వెంకటేశం సారు గేటు దాకా ఎదురొచ్చారు. మంచి మనిషి. "అంతా తయారు పెట్టిన మేడమ్, కరెంటు ఒక్కటే లేదు," అన్నారు. ట్యాబులకు ఛార్జింగు ఉందిలే అని ధైర్యం చెప్పి తెరిస్తే, ఎనిమిదికి ఎనిమిదీ ఏదో అప్‌డేట్ చేయాల్సిందేనని కూర్చున్నాయి. నిన్న ఇంట్లో వైఫై ఉన్నప్పుడు ఒక్కటీ నోరు మెదపలేదు. నా ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి ఒక్కొక్కదాన్నీ బతిమాలుకునేసరికి నా రోజువారీ డేటా అంతా హరించుకుపోయింది. ముప్పై రెండు మంది పిల్లలు నేలమీద నాలుగు వరసల్లో కూర్చుని గంటసేపు నన్నే చూస్తున్నారు. తల ప్రాణం తోకకొచ్చింది. పావు తక్కువ పదకొండుకు మొదటి ఎనిమిది మంది ఆట మొదలుపెట్టారు.

రెండో జట్టులో కెజియా ఉంది. తొమ్మిదో తరగతి, రెండు జడలు, మోచేతి మీద ఇంకు మరక. చెవి వెనక వినికిడి యంత్రం ఉంది గాని, అది పనిచేయడం కంటే కూతపెట్టడమే ఎక్కువని సారు చెప్పారు. చిన్నప్పుడు జ్వరం వచ్చి వినికిడి పోయిందట. తల్లి సుగుణమ్మ సుల్తాన్‌పూర్‌లో, సరిగ్గా పిల్లలు చూడబోయే ఆ కంపెనీలోనే, పనిచేస్తుంది.

"అమ్మ పనిచేసే జాగ సూస్తా అని నెల దినాల సంది నోట్‌బుక్కుల రాసి సూపెడ్తుంది మేడమ్. ఎవ్వలొచ్చినా గదే," అన్నారు సారు. "తండ్రి లేడు. మేనత్తేమో, దీనికి చెవులు వినపడవు, పది కాంగనే కుట్టు మిషన్ల కూసోబెట్టుండ్రి అని వాళ్ళమ్మ పాణం తీస్తుంది. సుగుణమ్మ ఒక్కతే, లేదు, నా బిడ్డ ల్యాబుల చదువు చదువుతది అంటది."

కెజియా ఆడుతుంటే నేను వెనక నిలబడి చూశాను. ఆటలో మొత్తం ఐదు మెట్లు. మొదటి మూడు మెట్లు అక్షరాలు చదివి బొమ్మలు కదపడం. చకచకా దాటేసింది. నాలుగో మెట్టు శుభ్రమైన గదిలోకి వెళ్ళే ముందు దుస్తులు వేసుకోవడం. చేతులు కడగడం, తలకు టోపీ, ముఖానికి మాస్కు, ఒంటికి గౌను, గుమ్మంలో అడ్డంగా ఉన్న బల్ల దాటుతూ కాళ్ళకు తొడుగులు, ఆఖరున గ్లౌజులు. అందరు పిల్లలూ గ్లౌజులు ముందే తొడిగేసి మార్కులు పోగొట్టుకున్నారు. ఈ పిల్ల ఒక్క పొరపాటు లేకుండా ఆ వరసంతా వేలితో అలా లాక్కుంటూ పోయింది. నాలుగు మెట్లకూ కలిపి అప్పటికి బడి మొత్తంలో మొదటి స్థానం ఆమెదే.

ఐదో మెట్టులో మాస్కు కట్టుకున్న సూపర్‌వైజరు తెర మీదకొచ్చి మూడు ఆదేశాలు ఇస్తాడు. విని, అతను చెప్పినట్టు ఇరవై సెకన్లలో చేయాలి. తెర మీద అక్షరాలుండవు.

కెజియా ఎదురుచూసింది. సూపర్‌వైజరు చేతులు కట్టుకుని నిలబడి మాట్లాడుతున్నాడు, మాస్కు కొద్దిగా కదులుతోంది. ఆ పిల్ల ట్యాబును దగ్గరికి తెచ్చుకుని చూసింది. తర్వాత ట్యాబు కింద పెట్టి, కుడిచేతి చూపుడు వేలితో ఎడమ అరచేతి మీద రెండుసార్లు కొట్టి, ఆ అరచేతిని పైకి తిప్పి చాచింది. తెరలోని బొమ్మ వైపు చూస్తూ చేసింది. ఇరవై సెకన్లు అయిపోయాయి. మళ్ళీ అతను మాట్లాడాడు, మళ్ళీ ఈమె అరచేతి మీద కొట్టింది. మూడోసారి గట్టిగా కొట్టింది.

"పరేషాన్ అయితే గట్లనే చేస్తది మేడమ్," అన్నారు సారు ఇబ్బందిగా.

మూడు సున్నాలు పడ్డాయి. తెర మీద పచ్చటి గుండ్రటి నవ్వుముఖం ఊగుతూ వచ్చింది. 'పరవాలేదు! మీకు నప్పే మరో దారి చూద్దాం!' అని, కింద మూడు బొమ్మలు: బొమ్మల తయారీ, వంట, కుట్టు మిషన్. ఆ వాక్యమూ నాదే. ఆశ్చర్యార్థకాలతో సహా.

ఆఖరి జట్టు ఆడేసరికి పన్నెండూ నలభై. జాబితాలో కెజియా పదిహేనో స్థానంలో ఉంది. సారు కళ్ళద్దాలు పైకి తోసుకుని రెండుసార్లు చూశారు. "మేనత్త చెప్పిందే కంప్యూటర్ గూడ చెప్పింది. ఇగ సుగుణమ్మ మాట ఎవ్వలింటరు?" అన్నారు. ఐదో మెట్టు కొంచెం కష్టమండీ, చాలామందికి పోయింది అన్నాను. అది నిజమే గాని, నేను చెప్పాల్సిన నిజం అది కాదు. కెజియా ట్యాబు తుడిచి నా సంచీలో పెట్టి, నా వైపు చూడకుండా వెళ్ళిపోయింది.

ఇస్నాపూర్ నుంచి సుల్తాన్‌పూర్ వెళ్ళాలంటే హైవే మీద వెనక్కి ముత్తంగి దాకా వచ్చి, అక్కడ ఔటర్ రింగు రోడ్డు పక్కన సర్వీసు రోడ్డు పట్టుకోవాలి. ఆటోలను ఔటర్ పైకి రానివ్వరు. మామూలుగా నలభై నిమిషాల దారి. నేను మ్యాపు పెట్టుకుని యాదగిరికి దారి చెప్పాను, అందువల్ల గంటన్నర పట్టింది. మ్యాపు మమ్మల్ని పార్కు వెనక గోడ దగ్గరికి తీసుకెళ్ళి, చేరుకున్నారు అంది. ముందు గోడ, పక్కన రాళ్ళకుప్ప.

"నేను ముందుగాలనే జెప్పిన గదా అక్కా, ముందటి గేటు అటు దిక్కుందని. ఫోను మాటింటివి," అన్నాడు యాదగిరి తాపీగా. ఒళ్ళు మండింది, కానీ ఎవరి మీద మండాలో తెలియలేదు.

దారంతా నా మనసు నాతో వాదిస్తూనే ఉంది. స్కోరు స్కోరే కదా, ముప్పై రెండు మందికీ ఒకే ఆట కదా, ఒకరి కోసం మారిస్తే మిగతావాళ్ళు ఏమంటారు, అని. ఇంకో పక్క ఒక సంగతి గుచ్చుతోంది. ఐదో మెట్టుకు మొదట్లో అక్షరాలుండేవి. పిల్లలు చదువుకుంటూ కూర్చుంటే వేగం పోతుంది, అసలు ఫ్యాక్టరీలో ఎవరైనా అక్షరాలు చూపిస్తారా, నోటితో చెప్తారు గాని, అని వాదించి తీసేయించిన మనిషిని నేనే. ఫ్యాక్టరీలో అడుగుపెట్టని మనిషిని, ఫ్యాక్టరీలో ఎలా ఉంటుందో మీటింగులో అందరికీ చెప్పాను.

గేటు దగ్గర ఇంకో అరగంట పోయింది. ట్యాబులు లోపలికి వెళ్ళకూడదట. బయట పెట్టాలంటే ఒక్కోదాని వెనకున్న నంబరు రిజిస్టరులో రాయాలట. బిహార్ నుంచి వచ్చిన సెక్యూరిటీ కుర్రాడు ఎనిమిది నంబర్లూ అంకె అంకె పలుకుతూ రాశాడు. ఆరోదాని దగ్గర పెన్ను ఆగిపోయింది. నా పెన్నిచ్చాను, అది ఇప్పటికీ అక్కడే ఉంది.

సేఫ్టీ ఆఫీసరు గుంటూరు వైపు మనిషి, మాట కటువు. "పిల్లలొస్తే నాకు తలనొప్పండీ. సరే, పైవాళ్ళు ఒప్పుకున్నాక నేనెవర్ని," అంటూ సంతకం చేసే ముందు దారి చూపిస్తానని నన్ను తీసుకెళ్ళారు. నడవా పొడుగునా పెద్ద అద్దం ఉంది. అద్దం అవతల తెల్లటి వెలుతురులో నలభై మంది దాకా పనిచేస్తున్నారు. ఎవరికీ ముఖం లేదు, తల నుంచి కాళ్ళదాకా తెలుపు, కళ్ళు మాత్రమే కనపడుతున్నాయి. అద్దం ఇవతలికే గాలి యంత్రాల హోరు వినపడుతోంది. ఒకళ్ళు గొట్టాలకు మూతలు బిగిస్తున్నారు, ఇంకొకళ్ళు నీళ్ళలో ముంచి బుడగలొస్తాయేమో చూస్తున్నారు, చివర సంచుల్లో పెట్టి సీలు వేస్తున్నారు.

మధ్య వరసలో ఒక మనిషి చెయ్యెత్తింది. వరస చివర నిలబడ్డ మనిషి తిరిగి చూసింది. అప్పుడు ఆ మొదటి మనిషి కుడిచేతి చూపుడు వేలితో ఎడమ అరచేతి మీద రెండుసార్లు కొట్టి, అరచేతిని పైకి తిప్పి చాచింది.

పొద్దున బడిలో చూసిన సైగే. చివరనున్న మనిషి చేతులతో ఏదో చెప్పింది, వేళ్ళను పైనుంచి కిందికి చినుకుల్లా ఆడించింది, తర్వాత పిడికిలి బిగించింది. మధ్య వరసలో ఉన్న మనిషి తలూపి ఒక గొట్టం తీసి పక్క బుట్టలో వేసింది. అంతా నాలుగు సెకన్లు.

"అదేమిటండీ, చేతులతో?"

"అదా? లోపల మాట వినపడదు కదండీ. చెవుల మీద కూడా టోపీ ఉంటుంది. పైగా లోపల నోరు ఎక్కువ వాడకూడదు, తుంపర్లు పడతాయి. అందుకని వీళ్ళే ఏవో సైగలు పెట్టుకున్నారు. ఆ చివరనున్నావిడ మొదలెట్టింది. సుగుణమ్మ అని, లైన్ లీడరు," అన్నారు.

పొద్దున ఆ పిల్ల మా సూపర్‌వైజరును మర్యాదగా, తన తల్లి పనిచేసే గది పద్ధతిలో, ఏదో అడిగింది. మూడుసార్లు అడిగింది. మేమేమో సున్నాలు వేసి, కుట్టు మిషను బొమ్మ చూపించి, పచ్చటి ముఖంతో నవ్వాం. నెత్తి ఆ అద్దానికేసి కొట్టుకోవాలనిపించింది.

మూడూ ముప్పావుకు టీ విరామం. సుగుణమ్మ తెల్లదుస్తులు విప్పి, ముఖం మీద మాస్కు అచ్చుతో క్యాంటీన్‌లోకి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. బడి నుంచి వచ్చానని చెప్పగానే టీ గ్లాసు పక్కన పెట్టేసింది.

"మా కెజియా ఆడిందా మేడమ్? ఎన్నొచ్చినయి? శనివారం వస్తదా?"

ఇంతకంటే గేటు దగ్గర మళ్ళీ ఎనిమిది నంబర్లు రాయించుకోవడం హాయి. ఉన్నదున్నట్టు చెప్పాను. నాలుగు మెట్లలో మొదటి స్థానమని, ఐదోది నోటిమాటతో పెట్టామని, ఆ అక్షరాలు తీసేయించింది నేనేనని, పేరు పదిహేనో చోటుకు పడిపోయిందని. ఆమె కోప్పడుతుందని చూశాను. కోప్పడితే నాకే బాగుండేది.

"అరచెయ్యి మీద కొట్టిందా?" అని అడిగింది.

"మూడుసార్లు. దానర్థం ఏంటమ్మా?"

"మళ్ళ జెప్పు అని. నేను గీడ కొత్తగ షురూ జేసినప్పుడు గొంతు సించుకున్నా ఎవ్వలికి వినపడకపోవు. ఒడిశా పోరగాళ్ళకు తెలుగు రాదు, నాకు హిందీ రాదు. ఇగ ఇంట్ల బిడ్డతోటి జేసినట్టే జేసిన. అందరికి అలవాటయింది." వేళ్ళను చినుకుల్లా కిందికి ఆడించింది. "గిది లీకు. మా కిరాయింట్ల వాన కారుతుంటె ఐదేండ్లప్పుడు గిట్ల జేసి సూపెట్టింది. లైన్ల సగం గుర్తులు దానియే మేడమ్. గీడ పనిచేసెటోళ్ళకు దాని మొకం తెల్వదు, దాని మాట తెలుసు."

నేను వెంటనే బయటికొచ్చి ప్రవీణ్‌కు ఫోన్ చేశాను. డేటా లేదు గాని కాల్స్ వెళ్తున్నాయి. జరిగింది చెప్పి, ఐదో మెట్టు మార్కులు తీసేసి లెక్క మళ్ళీ వేయమన్నాను.

"స్కోర్లు లాక్ అయిపోయాయి మేడమ్. ఐదున్నరకు లిస్టు దానంతటదే వెళ్ళిపోతుంది. మనం చేత్తో మార్చే ఆప్షనే లేదు. పారదర్శకత కోసం మనమే అలా పెట్టించాం కదా."

"అందరి ఆట అని మొదటి పేజీలో వేశాం ప్రవీణ్."

"అది బాగా వచ్చింది మేడమ్. అందరూ మెచ్చుకున్నారు."

ఫోన్ విసిరేయకుండా ఉండడానికి రెండు చేతులతో పట్టుకున్నాను. పదమూడో పేరు చేర్చమన్నాను, వ్యాన్‌లో చోటు లేదన్నాడు. నేను రానులే అన్నాను, బాధ్యులైన పెద్దవాళ్ళు ఒకరు ఉండాలన్నాడు. వచ్చే నెల సమీక్షలో ఈ విషయం పెడదామన్నాడు. పిల్లలేమో ఈ శనివారం వెళ్తున్నారు.

తిరిగి లోపలికి వెళ్ళేసరికి సుగుణమ్మ సేఫ్టీ ఆఫీసరు ముందు నిలబడి ఉంది. నా ముఖం చూసే ఫోన్లో ఏం జరిగిందో ఆమెకు అర్థమైంది. బతిమాలుతుందనుకున్నాను. అలా చేయలేదు.

"సారూ, శనివారం పన్నెండు మంది పిల్లలను లోపటికి తోలుతరు గదా. టోపీలు, మాస్కులు ఏసినంక వాళ్ళకు ఎవ్వలు జెప్తరు?"

"నేను చెప్తాను."

"మీరు ఒర్రినా వినపడదు సారూ. పోయినసారి ఇన్‌స్పెక్షనుకు వచ్చినోళ్ళు మీరు ఆగుమంటె ముందలికి పోయి మిషన్ల చెయ్యి పెట్టబోయిండ్రు, యాదికున్నదా? వాళ్ళు పెద్దోళ్ళు. వీళ్ళు పోరగాళ్ళు. నేను లైన్ ఇడిసిపెట్టి రాలేను."

ఆఫీసరు ముక్కు గోక్కున్నారు. నా వైపు తిరిగి, "ఆ పిల్లకు ఈ సైగలన్నీ వచ్చా?" అన్నారు.

"సగం ఆ అమ్మాయే కనిపెట్టిందటండీ," అన్నాను.

"మీ లిస్టు మీ ఇష్టం, దాంతో నాకు పనిలేదు. నా గేటు పాసు నా ఇష్టం." అనుమతి కాగితం కింద ఖాళీలో పెన్నుతో రాశారు. పిల్లలకు లోపల సూచనలు ఇచ్చేందుకు ఒకరు, లైన్ లీడరు కుమార్తె, కంపెనీ బస్సులో తల్లితోపాటు రావలెను. "ముందురోజు బడిలో ఆ పన్నెండు మందికీ ఆగు, ముట్టుకోకు, వెనక్కి రా అనే మూడూ నేర్పించమనండి. అవి రాకపోతే ఒక్కణ్ణీ లోపలికి రానివ్వను. గౌను చిన్న సైజు చూడాలి, అదో తలనొప్పి," అని విసుక్కుంటూ సంతకం పెట్టారు. రోజంతా నేను విన్న విసుగుల్లోకెల్లా తియ్యని విసుగు అది.

షిఫ్టు ఐదింటికి వదులుతుంది. గేటు దగ్గర నా ట్యాబుల నంబర్లు మళ్ళీ ఒక్కొక్కటే సరిచూస్తుంటే, సుగుణమ్మ లాకర్లోంచి ఫోన్ తెచ్చుకుని ఇంటికి వీడియో కాల్ చేసింది. కెజియా ముఖం ముడుచుకునే ఉంది. తల్లి ఫోనును గేటు స్తంభానికి ఆనించి రెండు చేతులతో చెప్పడం మొదలుపెట్టింది. ఆ పిల్ల ముఖంలో ముడి విడిపోవడం, కళ్ళు పెద్దవవడం, ఎగిరి మంచం మీద కూర్చోవడం అన్నీ ఆ చిన్న తెరలో చూశాను. నేనూ తెర ముందుకు వెళ్ళి, తప్పు నాదేనని, క్షమించమని చెప్పమన్నాను. సుగుణమ్మ చెప్పింది. కెజియా నా వైపు కాసేపు చూసి, చేతులతో గబగబా ఏదో అడిగింది. తల్లి నవ్వాపుకోలేక మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏమంటోందమ్మా?"

"ఏం లేదు మేడమ్, చిన్నపొల్ల..."

"చెప్పండి, పరవాలేదు."

"మాస్కు కట్టుకున్నంక గూడ మీ సూపర్‌వైజరు నోటితోటి ఎందుకు మాట్లాడుతుండు అని అడుగుతుంది. కొత్తగ చేరిండా అంటుంది."

ఇది రాస్తున్నది శుక్రవారం. ఐదో మెట్టు ఇంకా అలాగే ఉంది, మార్చమని మూడు మెయిళ్ళు పంపాను, మూడింటికీ ధన్యవాదాలు వచ్చాయి. బడికి వెళ్ళిన ఫలితాల ఫైలులో కెజియా పేరు ఎదురుగా, మిగతా రెండు బొమ్మల పక్కన, కుట్టు మిషను బొమ్మ కూడా అలాగే ఉంది. ఇవాళ మధ్యాహ్నం వెంకటేశం సారు ఫోన్ చేశారు, కెజియా తరగతి ముందు నిలబడి పన్నెండు మందికి ఆగు, ముట్టుకోకు, వెనక్కి రా నేర్పిస్తోందని, తప్పు చేసినవాళ్ళను మళ్ళీ మొదటినుంచి చేయిస్తోందని, సారుకు కూడా రెండుసార్లు తప్పు పోయిందని. ఆమె ఆ పనికి తగదని తేల్చింది మా ఆట. ఆ గదిలో కొత్తగా చేరిన మనిషిలా, ఏమీ తెలియకుండా, చేతులు కట్టుకుని మాట్లాడుతూ పోయిన ఆ సూపర్‌వైజరును రాసింది నేను. బస్సునీ మ్యాపునీ ప్రవీణ్‌నీ రోజంతా తిట్టుకున్నాను, వాటిలో సగం తిట్లు వెనక్కి తీసుకుంటున్నాను. ప్రవీణ్‌వి తీసుకోవడం లేదు.

మీలో ఎవరైనా టీచర్లు, పిల్లల కోసం పనిచేసేవాళ్ళు ఈ దారిన వెళ్ళేట్టయితే ఒక్క సలహా. ఏ ఆటనైనా బడికి మోసుకెళ్ళే ముందు, ఇంట్లో ట్యాబు సౌండు పూర్తిగా తీసేసి, మొదటి మెట్టు నుంచి ఆఖరి మెట్టు దాకా ఒకసారి మీరే ఆడి చూడండి. నేను బుధవారం పొద్దున ఆడాను. నాకు పదహారో స్థానం వచ్చింది.